ఎక్స్‌రే గది నుంచి ఫౌండ్రీ వాకిలి దాకా: రేడియేషన్ రక్షణలో రాష్ట్రం బాధ్యత

విజయనగర రాజుల కాలంలోనూ, 1529లో విశ్వనాథ నాయకుడితో మదురై నాయక రాజ్యం మొదలయ్యాకా, తెలుగు కుటుంబాలు పెద్ద ఎత్తున దక్షిణానికి తరలివెళ్ళాయి. కమ్మవారు, బలిజలు, రెడ్లు, దేవాంగులు, రాజులు ఊళ్ళు కట్టుకుని అక్కడే స్థిరపడ్డారు. వ్యవసాయ కుటుంబాలు చాలావరకు నల్లరేగడి నేలల్ని ఎంచుకున్నాయి. ఆ నేల పత్తి ఇచ్చింది, పత్తి మిల్లుల్ని తెచ్చింది. కోయంబత్తూరు చుట్టూ నీళ్ళు లోతున ఉండటంతో బావులకు మోటార్లు, పంపులు కావలసి వచ్చాయి. 1930లలో పైకారా జలవిద్యుత్తు అందుబాటులోకి రావడంతో ఆ పరిశ్రమ వేళ్ళూనుకుంది. పంపు కావాలంటే పోతపోసిన ఇనుము కావాలి. అలా ఫౌండ్రీలు వచ్చాయి. మిల్లుల్లోనూ ఫౌండ్రీల్లోనూ కూడబెట్టిన సొమ్ములో కొంత ధర్మసంస్థలకు, కళాశాలలకు, ఆసుపత్రులకు చేరింది. 1926లో మొదలైన పీఎస్‌జీ ధర్మసంస్థ, 1952లో లక్ష్మీ మిల్లుల కుటుంబం నెలకొల్పిన జి. కుప్పుస్వామి నాయుడు స్మారక ఆసుపత్రి, 1976లో డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి మదురైలో పదకొండు పడకలతో ప్రారంభించిన అరవింద్ కంటి ఆసుపత్రి ఈ చరిత్రలో పెద్ద పేర్లు.

ఈ చరిత్రను రేడియేషన్ గురించిన వ్యాసంలో చెప్పడానికి కారణం ఉంది. ఆసుపత్రి ఉన్నచోట ఎక్స్‌రే, సీటీ, క్యాన్సర్ చికిత్స యంత్రాలు ఉంటాయి. ఫౌండ్రీ ఉన్నచోట పోతలోని లోపాల్ని పట్టుకునే గామా కిరణాల కెమెరా ఉంటుంది, కరిగించడానికి వచ్చే తుక్కు ఇనుము కూడా ఉంటుంది. ఇటు కోయంబత్తూరులోనైనా అటు మదురైలోనైనా సామాన్య కుటుంబానికి రేడియేషన్ ఎదురయ్యేది ముఖ్యంగా ఈ రెండు చోట్లే. ప్రజల్ని దాని నుంచి కాపాడే చట్టం కేంద్రానిది, దాన్ని అమలు చేయించే ప్రధాన సంస్థ ముంబైలో ఉంది. యంత్రాలేమో కోయంబత్తూరులోని పీళమేడులో, గణపతిలో, మదురై వీధుల్లో ఉన్నాయి. నడుమనున్న ఈ దూరాన్ని రాష్ట్ర ప్రభుత్వ యంత్రాంగం పూడిస్తేనే రక్షణ ప్రజల దాకా చేరుతుంది. ఈ వ్యాసం చెప్పదలచినది అదే.

మోతాదు లెక్క

1895 నవంబరు 8న రాంట్‌జెన్ ఎక్స్‌రే కిరణాలను కనుగొన్నాడు. కొద్ది నెలల్లోనే వైద్యులు వాటిని వాడటం మొదలుపెట్టారు, కొద్ది ఏళ్ళలోనే వాటి హానినీ చూశారు. చేతులు కాలాయి, పుళ్ళు మానలేదు, కొందరికి క్యాన్సర్ వచ్చింది. ఎడిసన్ దగ్గర ఎక్స్‌రే ప్రయోగాలు చేసిన సహాయకుడు క్లారెన్స్ డాలీ 1904లో ఆ కారణంగానే చనిపోయాడు. ఎక్స్‌రే, గామా కిరణాలు కణాల్లోకి చొచ్చుకుపోయి అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి. అందుకే వాటిని అయనీకరణ రేడియేషన్ అంటారు. ఆ దెబ్బ కణంలోని డీఎన్‌ఏకి తగిలితే చాలాసార్లు కణమే దాన్ని సరిచేసుకుంటుంది. సరిచేసుకోలేనప్పుడు కణం చచ్చిపోవడమో, ఏళ్ళు గడిచాక క్యాన్సర్‌గా మారడమో జరగవచ్చు.

శరీరానికి కలిగే హానిని లెక్కగట్టే కొలమానం సీవర్ట్. అది పెద్ద ప్రమాణం కాబట్టి నిత్య వ్యవహారంలో అందులో వెయ్యో వంతయిన మిల్లీసీవర్ట్‌ను వాడతారు. నేల నుంచి, ఆకాశం నుంచి, తినే తిండి నుంచి, పీల్చే గాలిలోని రేడాన్ నుంచి ప్రతి మనిషికీ సహజంగా రేడియేషన్ అందుతూనే ఉంటుంది. ప్రపంచ సగటు ఏడాదికి 2.4 మిల్లీసీవర్ట్‌లు. మోనజైట్ ఇసుక ఉన్న కన్యాకుమారి జిల్లా మణవాళకురిచ్చి తీరంలో అది ఇంకా ఎక్కువ. ఛాతీ ఎక్స్‌రే ఒక్కదానికి అందేది సుమారు 0.02 నుంచి 0.1 మిల్లీసీవర్ట్. ఇది కొన్ని రోజుల నుంచి రెండు వారాల వరకు సహజంగా అందే మోతాదుతో సమానం. పొట్టకు తీసే సీటీ స్కాన్‌కు మాత్రం 8 నుంచి 10 మిల్లీసీవర్ట్‌లు పడవచ్చు, అంటే మూడు నాలుగేళ్ళ సహజ మోతాదు. అవసరమైన సీటీ ప్రాణం నిలబెడుతుంది. అవసరం లేని సీటీ వల్ల లాభం లేకపోగా శరీరం మీద భారం మిగులుతుంది.

అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంఘం 1928 నుంచి చేస్తున్న కృషి సారాంశం మూడు సూత్రాలు. కీడుకంటే మేలు ఎక్కువైతేనే రేడియేషన్ వాడాలి. వాడినప్పుడు పని జరగడానికి ఎంత తక్కువ సరిపోతే అంతే వాడాలి. రోగి చికిత్సకు కాకుండా మరెవరికి సోకినా అది నిర్ణీత పరిమితి దాటకూడదు. మన దేశంలో ఆ పరిమితి సామాన్య ప్రజలకు ఏడాదికి 1 మిల్లీసీవర్ట్. రేడియేషన్‌తో పనిచేసేవారికి అయిదేళ్ళ సగటున ఏడాదికి 20, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 మిల్లీసీవర్ట్‌లు మించకూడదు. రోగికి ఇలాంటి పరిమితి లేదు. అక్కడ కాపలా కాసేది వైద్యుడి విచక్షణే.

ముంబై నుంచి పీళమేడు దాకా

1962 నాటి అణుశక్తి చట్టం పునాదిగా 1983 నవంబరు 15న అణుశక్తి నియంత్రణ మండలి ఏర్పడింది. అణు విద్యుత్ కేంద్రాలతో పాటు దేశంలోని ప్రతి ఎక్స్‌రే యంత్రమూ, ప్రతి రేడియోధార్మిక మూలమూ ఈ మండలి పరిధిలోకి వస్తాయి. 2004 నాటి రేడియేషన్ రక్షణ నియమాల ప్రకారం లైసెన్సు లేకుండా యంత్రం నడపకూడదు. బాధ్యుడైన రక్షణాధికారి ఉండాలి, సిబ్బందికి అందిన మోతాదు లెక్కలు ఉండాలి. దక్షిణాది పనులు చూడటానికి మండలికి చెన్నైలో ప్రాంతీయ కేంద్రం ఉంది.

నియమాల్లో లోటు లేదు. లోటు అమలులో కనిపించింది. కాగ్ (కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్) 2012లో ఇచ్చిన నివేదిక ప్రకారం దేశంలో 57,443 వైద్య ఎక్స్‌రే కేంద్రాలు ఉంటే మండలి లెక్కలోకి వచ్చినవి 5,270 మాత్రమే. నూటికి తొంభై ఒకటి లెక్క బయట ఉన్నాయి. ప్రతి రాష్ట్రంలోనూ రేడియేషన్ భద్రతా సంచాలక కార్యాలయం నెలకొల్పాలని సుప్రీంకోర్టు 2001లోనే చెప్పిందని, పదేళ్ళు గడిచినా కేరళ, మిజోరం తప్ప మిగిలిన రాష్ట్రాల్లో ఆ పని జరగలేదని కూడా కాగ్ ఎత్తిచూపింది. జరిమానాలు మరీ స్వల్పమని, అవి ఎవరినీ భయపెట్టవని హెచ్చరించింది.

ఆ తర్వాత పరిస్థితి కొంత మెరుగుపడింది. 2013 నుంచి మండలి లైసెన్సుల పనిని ఈ-లోరా అనే ఆన్‌లైన్ వ్యవస్థలోకి మార్చింది. యంత్రం అమ్మే కంపెనీ, కొనే ఆసుపత్రి, నడిపే టెక్నీషియన్, రక్షణాధికారి అందరూ ఒకే చోట నమోదవుతారు. దాంతో లైసెన్సుల సంఖ్య బాగా పెరిగింది, మరికొన్ని రాష్ట్రాలు కూడా మండలితో ఒప్పందాలు చేసుకున్నాయి. అయినా కంప్యూటరులో నమోదైన గదికీ, ఆ వీధిలో నిజంగా ఉన్న గదికీ తేడా ఉండవచ్చు. ఆ తేడా కళ్ళతో చూసినవాడికే తెలుస్తుంది.

రాష్ట్ర సంస్థ చేయవలసిన పని అక్కడ మొదలవుతుంది. చెరువు ఎంత పెద్దదైనా తూము దగ్గర నీరుగంటి లేకపోతే చివరి మడికి నీళ్ళు అందవు. ముంబైలోని మండలి నియమాలు రాస్తుంది, లైసెన్సు ఇస్తుంది, రద్దు చేస్తుంది. రాష్ట్ర కార్యాలయం ఆ మండలి అప్పగించిన అధికారంతో తన జిల్లాల్లోని ఎక్స్‌రే కేంద్రాల జాబితా తయారుచేస్తుంది, తనిఖీ చేస్తుంది, లోపాలు రాసి పంపుతుంది, సరిచేయించాక మళ్ళీ చూస్తుంది. కోయంబత్తూరు వాళ్ళు దీనికి ఉదాహరణ కోసం దూరం పోనక్కరలేదు. వాళయార్ దాటితే కేరళ. దేశంలో మొదటగా ఈ కార్యాలయాన్ని 1990ల చివర్లో నెలకొల్పిన రాష్ట్రం అదే.

తొమ్మిది అంగుళాల గోడ

తనిఖీ అంటే ఏం చూస్తారో ఒక చిన్న ఎక్స్‌రే కేంద్రాన్ని మనసులో పెట్టుకుని చూద్దాం. బజారు వీధిలో మేడమీద రెండు గదులు. ఒకటి ఎక్స్‌రే గది, రెండోది రోగులు కూర్చునేది. గోడకు అవతల పక్కింటివాళ్ళ వంటగది ఉండవచ్చు.

అధికారి ముందు గోడ మందం కొలుస్తాడు. మండలి 2001 నాటి నియమావళి ఎక్స్‌రే కిరణం నేరుగా తగిలే గోడ 35 సెంటీమీటర్ల ఇటుక గోడ కావాలంది. మేస్త్రీల మాటలో చెప్పాలంటే ఇటుకన్నర గోడ. చెదిరిన కిరణాలు మాత్రమే తగిలే గోడలు 23 సెంటీమీటర్లు, అంటే తొమ్మిది అంగుళాల గోడ, ఉంటే చాలంది. తలుపుకు, కిటికీకి 1.7 మిల్లీమీటర్ల సీసానికి సమానమైన కవచం ఉండాలంది. కవచం లేని వెంటిలేటర్ నేలకు రెండు మీటర్లకు పైనే ఉండాలంది. అద్దె గదిని మధ్యలో నాలుగున్నర అంగుళాల అడ్డుగోడతో విడదీసి యంత్రం బిగిస్తే ఈ లెక్క తప్పుతుంది. ఆ తప్పు కంటికి కనబడదు. గోడ అవతల కూర్చున్నవాళ్ళకు ఏమీ తెలియదు.

తర్వాత యంత్రం. నిర్ణయించిన వోల్టేజే వస్తోందా, గదిలో వెలిగే కాంతి చతురస్రమూ నిజమైన కిరణం పడే మేరా ఒకటేనా, గొట్టం చుట్టూ ఉన్న కవచం నుంచి కిరణాలు కారుతున్నాయా అన్నవి పరీక్షిస్తారు. ఈ నాణ్యత పరీక్ష రెండేళ్ళకోసారి జరగాలి. కాంతి చతురస్రం పక్కకు జరిగి ఉంటే చేయి ఎక్స్‌రేకి వచ్చిన పిల్లవాడి ఛాతీ మీద కూడా కిరణం పడుతుంది. యంత్రం మసకబారిన బొమ్మ ఇస్తే టెక్నీషియన్ మళ్ళీ తీస్తాడు. మళ్ళీ తీసిన ప్రతిసారీ అంతే మోతాదు అదనంగా పడుతుంది. అందుకే యంత్రం సరిగ్గా ఉండటం కూడా రోగి రక్షణే.

ఆ తర్వాత టెక్నీషియన్ ఛాతీ మీది బ్యాడ్జి. భాభా అణు పరిశోధన కేంద్రం రూపొందించిన ఈ బ్యాడ్జిలో డిస్ప్రోసియం కలిపిన కాల్షియం సల్ఫేట్ బిళ్ళలు మూడు ఉంటాయి. ఒకదాని మీద లోహపు పొర, రెండోదాని మీద ప్లాస్టిక్ పొర ఉంటాయి, మూడోదాని మీద ఏ పొరా ఉండదు. రేడియేషన్ తగిలినప్పుడు బిళ్ళలు ఆ శక్తిలో కొంత దాచుకుంటాయి. మూడు నెలలకోసారి ప్రయోగశాలలో వేడిచేసినప్పుడు దాన్ని కాంతిగా వదులుతాయి. ఎంత కాంతి వస్తే అంత మోతాదు. సీసపు ఏప్రాన్ లోపల, ఛాతీ ఎత్తున పెట్టుకుంటేనే ఈ లెక్క నిజమవుతుంది. బ్యాడ్జిని ఎక్స్‌రే గది గోడకే తగిలించి వదిలేస్తే అది గోడకు తగిలిన మోతాదు చెబుతుంది, మనిషికి తగిలింది చెప్పదు. ముంబైలో కూర్చుని ఈ తేడా కనిపెట్టడం కష్టం. గదిలోకి అడుగుపెట్టిన అధికారికి ఒక్క చూపుతో తెలుస్తుంది.

చివరికి గుమ్మం. మూడు రెక్కల గుర్తు, హెచ్చరిక దీపం, గర్భిణులు ముందే చెప్పాలన్న పలక అక్కడ ఉండాలి. కోయంబత్తూరు, మదురైల్లోని మన తెలుగు ఇళ్ళలో ఇంటి మాట తెలుగు, బడి చదువు తమిళం. పాత తరం ఆడవాళ్ళలో రెండు లిపులూ చదవలేనివారు ఉన్నారు. పలక ఎంత బాగా రాసినా వాళ్ళకు చేరదు. టెక్నీషియన్ నోరు తెరిచి, "అమ్మా, నెల తప్పిందా?" అని అడగాలి. గర్భంలోని శిశువుకు తొలి నెలల్లో తగిలే మోతాదు పెద్దవాళ్ళకు తగిలినదానికంటే ఎక్కువ హాని చేయగలదు కాబట్టి ఆ ఒక్క ప్రశ్న సీసపు ఏప్రానంత విలువైనది. అత్తగారి ముందు కోడలు జవాబు చెప్పలేకపోవచ్చు. ఆమెను పక్కకు పిలిచి అడగడం కూడా తనిఖీ పట్టికలో ఒక అంశం కావాలి.

మదురైకి ప్రత్యేకంగా చెప్పుకోవలసినది కన్ను. కంటి కటకం రేడియేషన్‌కు సున్నితం. ఏళ్ళ తరబడి తగిలితే శుక్లాలు వస్తాయి. గుండె రక్తనాళాలకు స్టెంట్ వేసే గదుల్లో వైద్యులు, నర్సులు కిరణానికి పక్కనే గంటల తరబడి నిలబడతారు. కంటి కటకానికి ఏడాదికి 150 మిల్లీసీవర్ట్‌లుగా ఉన్న పరిమితిని అయిదేళ్ళ సగటున 20కి తగ్గించాలని అంతర్జాతీయ సంఘం 2011లో సిఫారసు చేసింది. జనంలో కనిపించే శుక్లాలకు ప్రధాన కారణం వయసే, రేడియేషన్ కాదు. అయినా శుక్లాల చికిత్సకు ప్రపంచ ప్రసిద్ధి పొందిన ఊళ్ళో గుండె చికిత్స గదుల సిబ్బందికి సీసపు అద్దాల కళ్ళజోళ్ళు అందుతున్నాయా అని చూడటం న్యాయమైన ఆరంభం.

ఫౌండ్రీ వాకిట్లో

కోయంబత్తూరు పంపులకూ, వెట్ గ్రైండర్లకూ, పోతలకూ పేరు మోసిన ఊరు. 1937లో డి. బాలసుందరం నాయుడితో కలిసి దేశంలో మొదటి విద్యుత్ మోటారు తయారుచేసిన జి. డి. నాయుడు ఈ ఊరివాడే. ఒత్తిడికి నిలబడాల్సిన వాల్వు బాడీలు, పెద్ద పంపుల పోతల్లో లోపల గాలిబుడగ ఉందా, చీలిక ఉందా అని చూడటానికి గామా రేడియోగ్రఫీ వాడతారు. ఇరిడియం-192 అనే చిన్న బిళ్ళ బరువైన కవచం గల పెట్టెలో ఉంటుంది. పరీక్ష సమయంలో దూరం నుంచి చేతిపిడి తిప్పితే కేబుల్ చివర ఉన్న ఆ బిళ్ళ గొట్టంలోంచి జారి పోత పక్కకు వస్తుంది. అవతలి వైపు ఫిల్ము ఉంటుంది. పని కాగానే బిళ్ళను వెనక్కి లాగాలి. లోపలికి పూర్తిగా వెళ్ళిందో లేదో మీటరుతో చూడాలి.

ఈ బిళ్ళ ఎంత శక్తివంతమైనదో ఒక లెక్కతో చెప్పవచ్చు. 40 క్యూరీల ఇరిడియం మూలం అనుకుందాం. కవచం బయట దానికి ఒక మీటరు దూరంలో నిలబడితే సామాన్య మనిషి ఏడాది పరిమితి సుమారు ఇరవై సెకన్లలో అయిపోతుంది. పది మీటర్ల దూరంలో అదే పరిమితికి అరగంట పైన పడుతుంది. దూరం పది రెట్లు పెరిగితే తీవ్రత నూరో వంతుకు పడిపోవడమే కారణం. తక్కువ సమయం, ఎక్కువ దూరం, మధ్యలో కవచం: రేడియేషన్ రక్షణ శాస్త్రమంతా ఈ మూడింటి మీదే నిలబడింది. రాత్రి షిఫ్టులో తాడు కట్టి, ఎర్ర దీపం పెట్టి ఈ పని చేస్తున్నప్పుడు ఆ తాడు దాటి టీ కోసం అడ్డదారిన పోయే కూలీ మనిషికి ఆ తాడు అర్థం ఎవరో చెప్పి ఉండాలి.

రెండో ప్రమాదం బయట నుంచి వస్తుంది. ఫౌండ్రీకి ముడిసరుకులో పెద్ద భాగం తుక్కు ఇనుము. ఆ తుక్కులో ఎక్కడో ఒక పాత రేడియోధార్మిక మూలం కలిసి వస్తే ఏం జరుగుతుందో ప్రపంచం చూసింది. బ్రెజిల్‌లోని గొయానియాలో 1987లో వదిలేసిన ఆసుపత్రి నుంచి సీసియం-137 మూలాన్ని తుక్కుగా తీసుకెళ్ళి పగలగొట్టారు. నలుగురు చనిపోయారు, లక్షా పన్నెండు వేల మందిని పరీక్షించాల్సి వచ్చింది. మన దేశంలోనే 2010లో ఢిల్లీ మాయాపురి తుక్కు బజారుకు వేలంలో అమ్మిన పాత ప్రయోగశాల పరికరంలో కోబాల్ట్-60 బయటపడింది. ఏడుగురు ఆసుపత్రి పాలయ్యారు, ఒకరు మరణించారు. 2008లో ఫ్రాన్సులో లిఫ్టు బటన్లు తయారుచేసే కార్మికులకు రేడియేషన్ సోకింది. ఆ బటన్లకు వాడిన ఉక్కు భారతదేశం నుంచి వెళ్ళింది, అందులో కోబాల్ట్-60 కలిసిపోయి ఉంది.

కొలిమిలో పడ్డ మూలం ఎక్కడికి పోతుందన్నది దాని స్వభావాన్ని బట్టి ఉంటుంది. కోబాల్ట్ ఇనుములోనే కలిసిపోతుంది, పోత ఎక్కడికి వెళ్తే అక్కడికి వెళ్తుంది. సీసియం ఆవిరై పొగగొట్టం ధూళిలో చేరుతుంది. 1998లో స్పెయిన్‌లోని ఒక ఉక్కు కర్మాగారంలో ఇలా జరిగితే ఆ జాడ యూరప్ గాలిలో దూరదూరాల దాకా కనిపించింది. రేడియం, అమెరీషియం లాంటివి చిట్టెంలోకి పోతాయి. కాబట్టి పోతను ఒక్కదాన్నే కొలిస్తే చాలదు. ధూళినీ చిట్టాన్నీ కూడా కొలవాలి. అన్నిటికంటే ముఖ్యంగా తుక్కు బండి లోపలికి వచ్చే గేటు దగ్గరే కొలవాలి. పెద్ద కర్మాగారాలు గేటు మానిటర్లు పెట్టుకోగలవు. గణపతిలోనో కురిచ్చిలోనో పది మందితో నడిచే చిన్న ఫౌండ్రీకి చేతిలో పట్టుకునే మీటరు ఒకటి, దాన్ని చదవడం నేర్చిన మనిషి ఒకరు చాలు. ఒక్కొక్కరూ కొనలేకపోతే సంఘంగా కొనుక్కోవచ్చు. మీటరు మోగినప్పుడు ఎవరికి చెప్పాలో, వాళ్ళు ఎంతసేపట్లో వస్తారో మాత్రం ప్రభుత్వమే ముందుగా చెప్పి ఉంచాలి. చెప్పినవాడి సరుకును కారణం లేకుండా నెలల తరబడి ఆపేస్తే రేపు మరొకడు చెప్పడు.

కనిపెట్టి ఉండవలసినది కొత్త మూలాల్ని మాత్రమే కాదు. క్యాన్సర్ చికిత్సలో కోబాల్ట్ యంత్రాల స్థానాన్ని లీనియర్ యాక్సిలరేటర్లు తీసుకుంటున్నాయి. వాటిలో రేడియోధార్మిక మూలం లేదు, కరెంటు ఆపితే కిరణం ఆగుతుంది. కానీ పక్కన పెట్టేసిన పాత కోబాల్ట్ యంత్రంలోని మూలానికి అర్ధాయువు 5.27 ఏళ్ళు. అంటే పదేళ్ళ తర్వాత కూడా నాలుగో వంతుకు పైగా శక్తి మిగిలే ఉంటుంది. ఆసుపత్రి యాజమాన్యం మారినా, మూతపడినా, గోడౌను అమ్ముడుపోయినా ఆ మూలం ఎక్కడుందో ఒక రాష్ట్ర కార్యాలయానికి తెలిసి ఉండాలి. మాయాపురి నేర్పిన పాఠం ఇదే. అక్కడ పరికరం 1968లో కొన్నది, 1985 నుంచి వాడకంలో లేదు. వాడకం ఆగిన రోజే లెక్క కూడా ఆగిపోయింది.

భయానికీ నిజానికీ మధ్య

ప్రజల్ని రేడియేషన్ నుంచి కాపాడటం ఎంత ముఖ్యమో, లేని రేడియేషన్ భయం నుంచి కాపాడటమూ అంతే ముఖ్యం. అల్ట్రాసౌండ్, ఎంఆర్ఐ పరీక్షల్లో అయనీకరణ రేడియేషన్ లేదు. సెల్ టవర్ తరంగాలు కూడా అయనీకరణ చేసేంత శక్తి లేనివి. వాటికి కూడా మన దేశం 2012లో అంతర్జాతీయ ప్రమాణంలో పదో వంతు పరిమితిని పెట్టింది. మదురైకి పడమరగా థేని జిల్లా పొట్టిపురం దగ్గర తలపెట్టిన న్యూట్రినో పరిశోధనాలయం విషయంలోనూ రేడియేషన్ అనుమానం బలంగా వినిపించింది. న్యూట్రినోలు ఎప్పుడూ మన శరీరంలోంచి కోట్ల కొద్దీ దూసుకుపోతూనే ఉంటాయి, ఏమీ చేయవు. అడవి, నీళ్ళు, సొరంగం తవ్వకాల గురించి జనం వేసిన ప్రశ్నలు వేరు, వాటికి వాటి బరువు ఉంది. 2015లో మద్రాసు హైకోర్టు మదురై ధర్మాసనం రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి అనుమతి లేకుండా పని సాగకూడదని ఆపింది. కేంద్రం తలపెట్టిన పనికి రాష్ట్ర సంస్థ మాట అవసరమని ఆ ఉత్తర్వు గుర్తుచేసింది. ఆ మాట ఏదైనా, శాస్త్రబద్ధంగా, జనానికి అర్థమయ్యే భాషలో ముందే వచ్చి ఉంటే వదంతులకు అంత చోటు ఉండేది కాదు.

కూడంకుళం, కల్పాక్కం అణు విద్యుత్ కేంద్రాల విషయంలో రాష్ట్రం పాత్ర చట్టంలో స్పష్టంగానే ఉంది. విద్యుత్ కేంద్రం ప్రహరీ లోపల జరిగేది దాన్ని నడిపేవారి బాధ్యత. ప్రహరీ బయట ప్రజల్ని ఇళ్ళలో ఉండమనడం, అవసరమైతే థైరాయిడ్‌ను కాపాడే అయోడిన్ మాత్రలు పంచడం, తరలించడం జిల్లా కలెక్టరు బాధ్యత. పదహారు కిలోమీటర్ల పరిధికి ప్రణాళిక ఉంటుంది, రిహార్సళ్ళు జరుగుతాయి. అరుదైన ప్రమాదానికి ఇంత సిద్ధంగా ఉన్న పాలనా యంత్రాంగం రోజూ నడిచే ఎక్స్‌రే గదులకూ తుక్కు బండ్లకూ అదే పట్టుదల చూపగలదు.

ఏం చేయాలి

మొదటిది, రాష్ట్ర రేడియేషన్ భద్రతా కార్యాలయం రాజధానికి పరిమితం కాకూడదు. కోయంబత్తూరు, మదురై లాంటి నగరాలకు మీటరు, వాహనం, శిక్షణ ఉన్న తనిఖీ బృందాలు ఉండాలి. ఏ ఎక్స్‌రే కేంద్రానికి లైసెన్సు ఉందో, చివరి నాణ్యత పరీక్ష ఎప్పుడు జరిగిందో ఊరివాళ్ళెవరైనా చూసుకునేలా జాబితా ప్రకటించాలి. తమిళనాడుకు 1997 నుంచే క్లినికల్ సంస్థల నియంత్రణ చట్టం ఉంది. ఆసుపత్రి నమోదు సమయంలోనే ఎక్స్‌రే లైసెన్సు చూపాలని పట్టుబడితే రెండు చట్టాలూ ఒకదానికొకటి బలమవుతాయి.

రెండోది, ఫౌండ్రీ సంఘాలతో కలిసి తుక్కు కొలత కేంద్రాలు పెట్టాలి. మీటరు మోగితే కబురు పెట్టవలసిన నంబరు ప్రతి గేటు మీదా ఉండాలి. వాడకం ఆగిన మూలాల్ని ఏటా ఒకసారి వెళ్ళి కళ్ళతో చూసి రావాలి.

మూడోది, రోగి హక్కు. ఈ ఎక్స్‌రే, ఈ సీటీ ఎందుకు, పోయిన నెల తీసిన బొమ్మతో పని జరగదా అని అడగడం అవిధేయత కాదు. పాత ఫిల్ములు, సీడీలు భద్రపరిచి వెంట తీసుకెళ్ళడం, పిల్లల విషయంలో మరీ జాగ్రత్తగా ఉండటం, గర్భం ఉంటే నోరు తెరిచి చెప్పడం ప్రతి ఇంట్లోనూ అలవాటు కావాలి.

ఈ ఊళ్ళలో తెలుగువాళ్ళు నెలకొల్పిన ధర్మసంస్థలకు ఇందులో ప్రత్యేక బాధ్యత ఉంది. వాళ్ళకు ఇంజనీరింగ్ కళాశాలలు ఉన్నాయి, వైద్య కళాశాలలు ఉన్నాయి, ఫౌండ్రీలతో తరాల సంబంధం ఉంది. మీటర్లు సరిచూసే ప్రయోగశాల, టెక్నీషియన్లకు శిక్షణ, పొరుగు ఊళ్ళ చిన్న ఎక్స్‌రే కేంద్రాలకు ఉచిత నాణ్యత పరీక్ష: ఈ మూడూ వాళ్ళు ఇవాళే మొదలుపెట్టగల పనులు. బస్సును, మోటారును, మిల్లును తెచ్చిన తరాలు వాటిని బాగుచేసే కార్ఖానాల్నీ వెంటే పెట్టాయి. రేడియేషన్‌ను ఆసుపత్రికీ ఫౌండ్రీకీ తెచ్చిన తరం దాని భద్రతను ముంబైకి వదిలేసి ఊరుకోకూడదు. ప్రతి ఎక్స్‌రే గది లెక్కలోకి రావాలి, ప్రతి తుక్కు బండి మీటరు ముందు ఆగాలి, ప్రతి తల్లినీ ఆమెకు తెలిసిన భాషలో అడగాలి. ఇందుకు కొత్త శాస్త్రమేమీ కనిపెట్టనక్కరలేదు. తెలిసినదాన్ని వీధి దాకా తీసుకువెళ్ళే రాష్ట్ర సంస్థ, దాన్ని పనిచేయించే ప్రజలు ఉంటే చాలు.